ఫ్యాన్ పీకేయకు తమ్ముడూ: యాంప్లిఫైయర్ వేడి, మోత సంగతి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో భజన మందిరం, పైన రేకుల కప్పు. రెండు చానెళ్ల యాంప్లిఫైయర్, 8 ఓమ్స్ బాక్సులు నాలుగు. యాంప్ చెక్క బీరువాలో, తలుపు వేసి ఉంటుంది. ప్రవచనం చెప్పే స్వామి ఊపిరి పీల్చుకోడానికి ఆగితే చాలు, బీరువాలోంచి ఫ్యాన్ గుయ్యిమంటూ వినబడుతోంది. శనివారం భజన గంట దాటితే యాంప్ దానంతట అదే ఆగిపోతోంది. ఫ్యాన్ పీకేసి పెద్ద హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మె) వేయించాలా, ఇంకా పెద్ద ఫ్యాన్ పెట్టాలా అని అడిగావు.

ఇప్పుడే రెండూ వద్దు. అనంతపురంలో నేను ఈ యాంపుల పని మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. "ఫ్యాన్ మోగుతోంది అన్నా, కొత్తది వెయ్" అంటూ నా టేబుల్ మీదికి వచ్చినవాటిలో చాలావాటికి ఫ్యాన్‌లో రోగమే ఉండదు. లోపల అక్కర్లేని వేడి పుడుతుంటుంది, పుట్టింది బయటికి పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. నీ ప్రశ్న మధ్యలో ఒక మాట మామూలుగా రాసేశావు, నాకు తీగ అక్కడే దొరికింది: "మిక్సర్ నుంచి ఒక్కటే వైరు వస్తుంది కాబట్టి ఎడమ చానెల్ మాత్రమే వాడుతున్నాం, నాలుగు బాక్సులూ దానికే కలిపాం."

8 ఓమ్స్ బాక్సులు నాలుగు ప్యారలల్‌లో, అంటే అన్నీ ఒకే టెర్మినళ్లకు, కలిపితే 2 ఓమ్స్. ఓమ్స్ ఎంత తగ్గితే చానెల్ మీద బరువు అంత ఎక్కువ. యాంప్ వెనక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర చూడు, కనీసం 4 ఓమ్స్ ఉండాలని అచ్చువేసి ఉంటుంది. అంటే రెండెడ్ల బండికి ఒక్క ఎద్దునే కట్టి తోలుతున్నావు. రెండోది పక్కన నిలబడి గడ్డి మేస్తోంది.

కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకు. నీది క్లాస్ ఏబీ యాంప్, అంటే మామూలు పాత రకం. లోపల సప్లై ప్లస్ 60, మైనస్ 60 వోల్టులు అనుకో. సైన్ వేవ్ (ఆగకుండా ఒకే స్థాయిలో సాగే పరీక్ష స్వరం) ఇచ్చి చూస్తే, ఒక చానెల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లన్నీ కలిపి కక్కగలిగే వేడి 8 ఓమ్స్ లోడ్ మీద గరిష్ఠంగా 91 వాట్లు. 4 ఓమ్స్ మీద 182. 2 ఓమ్స్ మీద 365. ఈ గరిష్ఠం వాల్యూమ్ ఫుల్లుగా తిప్పినప్పుడు రాదు, అవుట్‌పుట్ పూర్తి పవర్‌లో సుమారు 40 శాతం దగ్గర ఉన్నప్పుడు వస్తుంది. అందుకే "మేం సగమే పెట్టాం అన్నా, అయినా కాలిపోతోంది" అని జనం ఆశ్చర్యపోతుంటారు. సగంలోనే అది ఎక్కువ కాలేది.

భజన సైన్ వేవ్ కాదు కాబట్టి అంత రాదు. డోలక్, హార్మోనియం, తాళాలు, పదిమంది గొంతులు కలిసి గంటసేపు ఆగకుండా నడిస్తే నీ ఎడమ చానెల్ సగటున 120 వాట్ల వేడి కక్కుతోందనుకుందాం. ఫ్యాన్ గాలి తగిలే హీట్ సింక్ వాటుకు 0.3 డిగ్రీ చొప్పున వేడెక్కుతుందనుకుందాం. అంటే చుట్టూ ఉన్న గాలి కంటే 36 డిగ్రీలు ఎక్కువ. చుట్టూ ఉన్న గాలి అంటే మందిరం గాలి కాదు, బీరువా లోపలి గాలి. మే నెలలో మన దగ్గర బయట 42 ఉంటే రేకుల కింద 46 దాకా పోతుంది. మూసిన బీరువాలో 58 ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఇలాంటి బీరువాలో మల్టీమీటర్ టెంపరేచర్ ప్రోబ్ వేలాడదీసి ఒకసారి 61 చూశాను. 58కి 36 కలిపితే 94. చాలా యాంపుల్లో థర్మల్ కటౌట్ (వేడి మితిమీరితే యాంప్‌ను ఆపేసే స్విచ్) 85, 90 దగ్గర ఉంటుంది. గంటకు ఆగిపోక ఏం చేస్తుంది?

ఇప్పుడు బాక్సులు రెండు ఎడమకు, రెండు కుడికి వేశావనుకో. బాక్సుల మోత అంతే, మొత్తం వేడీ దాదాపు అంతే. కానీ అది రెండు హీట్ సింకుల మీద పంచుకుంటుంది. ఒక్కోదానికి 60 వాట్లు, 18 డిగ్రీల పెరుగుదల. 94 కాస్తా 76కి దిగింది. బీరువా తలుపు తీసి గాలి ఆడేలా చేస్తే 64. ఫ్యాన్ ముట్టుకోకుండా 30 డిగ్రీలు తగ్గించాం. ట్రాన్సిస్టర్‌కు ఈ తేడా ప్రాణం లాంటిది. మన దగ్గర అందరూ వేసే 5200, 1943 నంబర్ల ట్రాన్సిస్టర్ల జత ఒక్కోటి 150 వాట్లని డేటాషీట్‌లో ఉంటుంది, నిజమే. అది కేస్, అంటే ట్రాన్సిస్టర్ ఒళ్లు, 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. కేస్ 100 డిగ్రీలు చేరితే అదే ట్రాన్సిస్టర్ 60 వాట్లే మోయగలదు.

చేయాల్సింది చిన్నపనే. మిక్సర్ నుంచి వచ్చే ఒక్క వైరును రెండుగా చీల్చే వై కేబుల్ ఒకటి కొను. కొన్ని యాంపుల వెనక స్టీరియో, ప్యారలల్, బ్రిడ్జ్ అని మూడు స్థానాల స్విచ్ ఉంటుంది. దాన్ని ప్యారలల్‌లో పెడితే వై కేబుల్ కూడా అక్కర్లేదు. బ్రిడ్జ్‌లో మాత్రం పెట్టకు. బ్రిడ్జ్‌లో ప్రతి చానెల్‌కూ లోడ్ సగమే కనబడుతుంది, తిప్పలు మళ్లీ మొదటికొస్తాయి.

బీరువా విషయానికి వద్దాం. వెనక చెక్క పీకేయ్. గోడకు కనీసం జానెడు దూరం జరుపు. కింది భాగంలో ముందువైపు గాలి లోపలికొచ్చే సందు, పైన వెనకవైపు వేడి పోయే సందు ఉండాలి. యాంప్ పైన మిక్సర్ పెట్టకు, సీడీ ప్లేయర్ పెట్టకు, స్వామివారి పట్టువస్త్రం అసలే కప్పకు. అది కూడా చూశాను. ఆ తర్వాత ఒక అగరుబత్తి వెలిగించి, యాంప్ నడుస్తుండగా పొగను గాలి లోపలికి లాగే చోట పట్టుకుని చూడు. ఫ్యాన్ వదిలిన వేడిగాలి గోడకు కొట్టి తిరిగి లోపలికే పోతుంటే పొగ సుడి తిరిగి అక్కడక్కడే ఆడుతుంది. నేరుగా బయటికి పోతే దారి బాగున్నట్టు. వేలు ఖర్చుపెట్టి మీటర్లు కొనేకంటే మన మందిరంలోని అగరుబత్తి ఈ పనికి చాలు.

దుమ్ము గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన సీమలో యాంపుల్ని చంపేది అదే. ఒకసారి ఆదోని వైపు నుంచి ఒక సౌండ్ సర్వీస్ కుర్రాడు యాంప్ తెచ్చాడు. అప్పటికే రెండు ఫ్యాన్లు మార్పించాడట, రెండోది ఇంకా వేగంగా తిరిగేది, గది మొత్తం విమానంలా మోగుతోంది. పైమూత విప్పాను. హీట్ సింక్ రేకులు కనబడలేదు. ఫ్యాన్ వైపు అంచున దూది, అచ్చం పరుపులో కుక్కినట్టు, వేలు మందంలో గట్టిగా పేరుకుపోయి ఉంది. జిన్నింగ్ మిల్లు పక్క వీధిలో వాళ్ల గోడౌన్. ఆ దూది పొరను ట్వీజర్‌తో పట్టి లాగితే చాపలాగా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. ఆ తర్వాత పాత ఫ్యానే తిరిగి బిగించాను, అదే చాలింది. బేతంచెర్ల వైపు నుంచి వచ్చేవాటిలో పాలిష్ బండల పొడి ఉంటుంది, అది తెల్లగా, సన్నగా, బేరింగులోకి కూడా దూరుతుంది.

నీది మందిరం కాబట్టి ఇంకో రకం ఉంటుంది. నూనె దీపాల మసి, సాంబ్రాణి పొగ, కర్పూరం. ఇవి జిడ్డుగా అంటుకుంటాయి, ఆ జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. ఉత్త బ్లోయర్‌తో పోదు. మెత్తని పెయింట్ బ్రష్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఫ్యాన్ రెక్కలు, హీట్ సింక్ అంచులు తుడవాలి, పూర్తిగా ఆరాక కరెంట్ ఇవ్వాలి. రెక్కల మీద జిడ్డు అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి బ్యాలెన్స్ తప్పి ఫ్యాన్ వణుకుతుంది, నువ్వు వినే గుయ్యిలో కొంత అదే అయి ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకో. వదిలేస్తే అది పిచ్చిగా తిరిగి బేరింగ్ పోతుంది.

ఇవన్నీ చేశాక ఇంకో పరీక్ష. ఇన్‌పుట్ వైరు పీకేసి, పాట లేకుండా, యాంప్ 20 నిమిషాలు ఆన్‌లో ఉంచు. హీట్ సింక్ గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బయాస్ (పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంట్) పెరిగిపోయినట్టు. ఇది మెకానిక్ పని, నువ్వు చేయకు, కానీ ఏం అడగాలో తెలిసి ఉండాలి. ట్రాన్సిస్టర్ ఎమిటర్‌కు 0.22 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. దాని మీద 11 మిల్లీవోల్టులు చూపిస్తే 50 మిల్లీఆంపులు పారుతున్నట్టు, అంటే జతకు 6 వాట్లు, మామూలే. అదే 55 మిల్లీవోల్టులు చూపిస్తే జతకు 30 వాట్లు. చానెల్‌కు మూడు జతలుంటే ఒక్క పాట పాడకముందే 90 వాట్ల పొయ్యి. కారణం ఎక్కువగా ప్రీసెట్ (బయాస్ సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) లోపల తుప్పు, లేదంటే హీట్ సింక్‌కు ఆనుకుని ఉండాల్సిన బయాస్ ట్రాన్సిస్టర్ ఊడి గాల్లో వేలాడటం. అది వేడిని పసిగట్టలేకపోతే బయాస్ తగ్గదు, వేడెక్కేకొద్దీ కరెంట్ పెరుగుతుంది, కరెంట్ పెరిగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఎవరు విప్పినా సిరీస్ ల్యాంప్ (కరెంట్ వచ్చే దారిలో ఒక బల్బు) పెట్టి, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టాలి. స్విచ్ ఆపాక కూడా అందులో 120 వోల్టులు నిలిచి ఉంటాయి.

విప్పినప్పుడే ట్రాన్సిస్టర్ల కింద, వేడిని హీట్ సింక్‌కు చేరవేసే పేస్ట్ చూడమను. పాతబడితే ఎండి సున్నంలా రాలుతుంది. పాతది పూర్తిగా తుడిచి, ట్రాన్సిస్టర్‌కు, సింక్‌కు మధ్య ఉండే మైకా పొరకు రెండు వైపులా పలచగా, కింద లోహం మసకగా కనబడేంత మాత్రమే రాయాలి. రొట్టె మీద వెన్నలా పూస్తే అదే వేడికి అడ్డుగోడ. పేస్ట్ దొరకలేదని పళ్ల పేస్ట్ పెట్టిన మహానుభావుడి పని కూడా నా టేబుల్ మీద చూశాను. వారానికే ఎండి పగుళ్లిచ్చింది.

కరెంట్ వోల్టేజీ కూడా ఒకసారి చూసుకో. పొలాల మోటార్లు ఆగాక కొన్ని ఊళ్లలో 250 దాకా ఎక్కుతుంది. 230 బదులు 250 ఉంటే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ యాంప్‌లో గరిష్ఠ వేడి 18 శాతం దాకా పెరుగుతుంది.

ఇన్ని చెప్పి ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి వస్తున్నాను. నువ్వు ముందు అడిగింది ఇదే అని తెలుసు.

ఫ్యాన్ మోత వేగం మీద చాలా గట్టిగా ఆధారపడుతుంది. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, మోత మాత్రం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 తగ్గితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి చిన్న ఫ్యాన్ వేగంగా తిప్పేకంటే పెద్ద ఫ్యాన్ నిదానంగా తిప్పడం మేలు. నీ 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ చోట 120ది పడితే రెక్కలు తిరిగే వైశాల్యం రెండింతలకు పైనే. వెనక రేకులో చోటు లేకపోతే రంధ్రం పెద్దది కోయించాలి. అప్పుడు బోర్డు బయటికి తీసి కోయించు. ఒక్క ఇనుప రజను ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య పడిందంటే ఫ్యాన్ ఖర్చుకు పదింతలు తగలబడుతుంది.

కోయించేటప్పుడు ఆ చిల్లుల రేకు కూడా తీసేయించు. చాలా యాంపుల్లో ఫ్యాన్ ముందు అదే రేకుకు చిల్లులు కొట్టి గ్రిల్ అంటారు. అందులో సగం లోహమే, గాలి ఆ అంచులకు కొట్టుకుని ఈల వేస్తుంది. అంత భాగం గుండ్రంగా తీసేసి, బజారులో దొరికే తీగ గ్రిల్ బిగిస్తే ఫ్యాన్ అదే, వోల్టేజీ అదే, మోత తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాత ఫ్యాన్‌కు, రేకుకు మధ్య నాలుగు మూలలా పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు వాషర్లలా కోసి పెట్టు. స్క్రూలు బిర్రుగా బిగించకు. వణుకు రేకుకు, రేకు నుంచి బీరువా చెక్కకు పాకి, బీరువా మొత్తం తంబూరా బుర్రలా మోగడం దీంతో తగ్గుతుంది.

గాలి లోపలికి ఊదాలా, బయటికి లాగాలా? హీట్ సింక్ మీదికి నేరుగా ఊదితే చల్లబరచడం బాగుంటుంది, వచ్చే గాలికి ఒకే దారి కాబట్టి అక్కడ పలచటి ఫిల్టర్ పెట్టుకోవచ్చు. బయటికి లాగితే దుమ్ము ప్రతి సందులోంచీ వస్తుంది. దుమ్మున్న మన ఊళ్లకు ఊదడమే నా ఓటు. కానీ కంపెనీ ఒక దిక్కు ఆలోచించి లోపల గాలి దారి కట్టి ఉంటే దాన్ని తిరగేయకు. ఫిల్టర్ పెడితే పక్షానికోసారి ఉతకాలి. ఉతకనివాళ్లకు ఫిల్టర్ పెట్టడం దండగ.

వేగం తగ్గించడానికి పెద్ద సర్క్యూట్ అక్కర్లేదు. 12 వోల్టుల డీసీ ఫ్యాన్‌కు సిరీస్‌లో ఒక రెసిస్టర్ వేస్తే 7 వోల్టుల దగ్గర నిదానంగా తిరుగుతుంది, ప్రవచనం అప్పుడు అది చాలు. 0.2 ఆంపుల ఫ్యాన్ అయితే 39 లేదా 47 ఓమ్స్, 2 వాట్లది సరిపోతుంది. ఆ రెసిస్టర్‌కు ప్యారలల్‌లో 60 డిగ్రీలకు కలిసే థర్మల్ స్విచ్ పెట్టు. కేఎస్‌డీ 301, నార్మల్ ఓపెన్ అని అడుగు, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఇస్తారు. దాన్ని హీట్ సింక్‌కే, మధ్య ట్రాన్సిస్టర్ పక్కన బిగించాలి. భజన ఊపందుకుని వేడెక్కితే స్విచ్ కలిసి రెసిస్టర్‌ను దాటేస్తుంది, ఫ్యాన్ పూర్తి వేగం అందుకుంటుంది. ఆ సమయంలో ఎంత మోగినా తాళాల మధ్య ఎవడికి వినబడుతుంది? ఒక్క జాగ్రత్త: చలికాలం పొద్దున 7 వోల్టులతో ఫ్యాన్ తనంతట తాను మొదలవుతోందో లేదో చూసుకో. మొరాయిస్తే రెసిస్టర్ విలువ తగ్గించు.

ఫ్యాన్‌కు కరెంట్ ప్రీయాంప్ (చిన్న సిగ్నల్‌ను ముందు పెంచే భాగం) సప్లై నుంచి తీసుకోకు, స్పీకర్లలో సన్నగా కిర్రుమంటుంది. వేరే చిన్న అడాప్టర్ పెట్టి, దాన్ని ఇన్‌పుట్ వైర్లకు దూరంగా ఉంచు.

మోత మాత్రమే బాధ అయితే ఇంకా చవకైన దారి ఉంది. మందిరం వెనక సామాన్ల గది ఉందన్నావు కదా. కిటికీ ఉంటే యాంప్ అక్కడికి మార్చేయ్. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 20 మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం 0.28 ఓమ్స్. 4 ఓమ్స్ లోడ్ మీద తగ్గేది అర డెసిబెల్‌కు కొంచెం పైన, ఏ చెవికీ తెలియదు. మిక్సర్ మాత్రం మైకుల దగ్గరే ఉండనీ.

ఫ్యాన్ లేకుండా పెద్ద హీట్ సింక్ సంగతి. ఉత్త ప్రవచనానికి అయితే కుదురుతుంది, మాట్లాడేటప్పుడు సగటు పవర్ చాలా తక్కువ. భజనకు, 46 డిగ్రీల రేకుల కింద కుదరదు. వాటుకు అర డిగ్రీ కంటే తక్కువ పెరిగే సింకులు చానెల్‌కు ఒకటి కావాలి, సింకు రేకులు నిలువుగా బయటికి ఉండాలి, ఆ బరువుకు నీ యాంప్ బాడీయే మార్చాలి. ఆ డబ్బుతో క్లాస్ డీ యాంప్ (ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా నడిపే రకం) గురించి ఆలోచించొచ్చు. 85, 90 శాతం సామర్థ్యం ఉంటుంది కాబట్టి వేడి సమస్యే చిన్నది. కానీ పిడుగు పడి బోర్డు పోతే మన ఊళ్లలో రిపేరు దొరకడం కష్టం. నీ పాత ఏబీ యాంప్‌ను ప్రొద్దుటూరులో ఎవరైనా బాగుచేస్తారు. నేనైతే దాన్నే నిలబెట్టుకుంటాను.

"కటౌట్ వల్లే ఆగుతోంది, దాన్ని షార్ట్ చేసేయ్" అని ఎవరైనా చెప్తే వినకు. ఒక మెకానిక్ అలా రెండు కాళ్లూ సాల్డర్‌తో కలిపేసిన యాంప్ ఒకటి నా దగ్గరికొచ్చింది. జాతరలో రాత్రి ట్రాన్సిస్టర్ షార్టై, 60 వోల్టుల డీసీ నేరుగా స్పీకర్లలోకి పోయింది. నాలుగు కోన్లూ వాసన కొట్టేలా కాలిపోయాయి.

చివరగా ఒకటి అడగాలి. ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద ఏముందో చూసి రాయి. 12 లేదా 24 వోల్టుల డీసీ అయితే పైన చెప్పినట్టే చెయ్, 24ది అయితే 12 వోల్టుల అడాప్టర్ మీద నేరుగా నడిపినా నిదానంగా తిరుగుతుంది. 230 ఏసీ అని ఉంటే, లోహపు చట్రంతో బరువుగా ఉంటే, ఆ రెసిస్టర్ కథ దానికి పనికిరాదు. దాన్ని తీసేసి అదే కొలత డీసీ ఫ్యాన్ బిగించు. ఆ ఏసీ వైరు చివరలు ఊరికే టేపు చుట్టి వదిలేయకు, స్విచ్ దగ్గర నుంచే విప్పించు.